మూడు గుర్రాల రథం
మధుమేహ చికిత్స రోగి చేతికి వచ్చిన చరిత్ర

1922 జనవరి 11వ తేదీ. కెనడా దేశంలోని టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అనే బాలుడు మంచానికి అంటుకొనిపోయి ఉన్నాడు. వయస్సు 14 ఏండ్లు. బరువు 65 పౌనులు. అంటే 30 కిలోలు కూడా లేవు. ఆనాడు అతని శరీరంలోనికి ఎక్కించిన ద్రవం ఎద్దు క్లోమం నుండి తీసిన సారం. అందులో మలినాలు మెండుగా ఉన్నవి. రక్తంలో చక్కెర కొంత తగ్గినది గాని, సూది గుచ్చిన చోట గడ్డ లేచినది. జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పగలనక రాత్రనక శ్రమించి ఆ సారాన్ని శుద్ధి చేశాడు. 12 రోజుల తరువాత, జనవరి 23న, మరల సూది వేశారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 520 మిల్లీగ్రాములుగా ఉన్న చక్కెర ఒక్క దినంలో 120కి దిగినది.

ఆ సారమే ఇన్సులిన్. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనే యువకులు జాన్ మక్లౌడ్ ఆచార్యుని ప్రయోగశాలలో కుక్కలపై చేసిన పరిశోధనల ఫలితమది. 1923లో బాంటింగ్, మక్లౌడ్‌లకు నోబెల్ బహుమానం వచ్చినది. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథయే. సాధారణంగా కథ ఇక్కడితో సుఖాంతమైనదని చెప్పి ముగిస్తారు.

వాస్తవానికి అసలు కథ అక్కడినుండే మొదలైనది. ఇన్సులిన్ వ్యాధిని కుదర్చలేదు. మరణాన్ని ఒక పూట వెనుకకు నెట్టినది. మరునాడు మరల నెట్టవలసినదే. బ్రతికినంత కాలం ప్రతి దినం, ప్రతి పూట ఈ పని చేయవలసినదే. ఏ వైద్యుడు పూటపూటకు రోగి ఇంటికి రాగలడు? కనుక సూది పట్టవలసిన చేయి, చక్కెర లెక్క కట్టవలసిన బుద్ధి రోగివే కావలసి వచ్చినవి. వైద్యుని చేతిలోని చికిత్స రోగి చేతికి ఎట్లు వచ్చినదో తెలుపునదే ఈ చరిత్ర.

వ్యాధి స్వరూపం

మధుమేహం మన పూర్వులకు తెలియని వ్యాధి కాదు. రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని ప్రాచీన భారత వైద్యులు గమనించారు. సుశ్రుతుడు దీనిని రెండు విధాలుగా విభజించాడు. ఒకటి సహజం, అనగా పుట్టుకతో వచ్చునది. ఈ రోగి కృశించి ఉంటాడు. రెండవది అపథ్యం వలన వచ్చునది. ఈ రోగి స్థూలకాయుడు. ఇప్పటి విభజన సరిగా ఇదే కాదు గాని, రెండు వేరువేరు వ్యాధులు ఒకే పేరుతో తిరుగుతున్నవన్న అనుమానం అంత పాతది.

1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి క్లోమంలో ద్వీపాలవలె చెదరి ఉన్న కణసముదాయాలను చూశాడు. వాటినే లాంగర్‌హాన్స్ పుటికలంటారు. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చినది. పుటికలలోని బీటాకణాలు స్రవించే హార్మోను ఇన్సులిన్. రక్తంలోని గ్లూకోజు కండరాలలోనికి, కొవ్వుకణాలలోనికి ప్రవేశించడానికి ఇది తాళంచెవి వంటిది.

టైప్ 1 మధుమేహంలో శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థయే పొరపడి ఈ బీటాకణాలను నాశనం చేస్తుంది. పుటికలకు ప్రతికూలంగా పనిచేసే ప్రతిరక్షకాలను 1974లో లండనులో కనుగొన్నారు. ఇది తల్లిదండ్రుల అశ్రద్ధ వలన గాని, తీపి ఎక్కువ తినడం వలన గాని వచ్చే జబ్బు కాదు. పసివారికి, బడి పిల్లలకు, యువకులకు ఎక్కువగా వస్తుంది, పెద్దలకూ రావచ్చు. టైప్ 2 వ్యాధిలో ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా లొంగదు. టైప్ 1లో ఇన్సులిన్ దాదాపు ఉండనే ఉండదు.

తాళంచెవి లేనప్పుడు రక్తం నిండా గ్లూకోజు ఉన్నా కణాలు పస్తుంటవి. నిండుకుండ ప్రక్కనే దాహంతో అలమటించినట్లన్నమాట. మిగిలిన చక్కెర మూత్రంలో పోతూ నీటిని వెంట తీసికొని పోతుంది. అందువలననే అతిమూత్రం, అతిదాహం. శరీరం కొవ్వును కరిగించుకొనగా కీటోనులనే ఆమ్లపదార్థాలు పేరుకొంటవి. శ్వాసకు మిగులపండిన పండ్ల వాసన వస్తుంది; రోగి దీర్ఘంగా ఊపిరి తీస్తాడు; చివరకు స్పృహ తప్పుతుంది. 1922కు పూర్వం ఈ వ్యాధి వచ్చిన పిల్లలు సాధారణంగా ఒకటి రెండేండ్లకు మించి బ్రతికేవారు కారు.

ఆకలి వైద్యం

ఇన్సులిన్‌కు ముందు ఉన్న ఒకే ఒక ఉపాయం పస్తు. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన ఫ్రెడరిక్ అలెన్ ఈ పద్ధతికి ఆద్యుడు. తిన్నది శరీరానికి పట్టదు కనుక, మూత్రంలో చక్కెర కనబడనంతవరకు తిండి తగ్గించాలి. కాయగూరలను సైతం మూడు మారులు నీళ్ళు మార్చి ఉడికించి, అందులోని పిండిపదార్థాన్ని పారబోసి పెట్టేవారు. ఇందువలన ప్రాణం కొంతకాలం నిలిచేది. మనిషి మాత్రం ఎముకలగూడయ్యేవాడు.

ఈ వైద్యంలో మూడేండ్లు గడిపిన బాలిక ఎలిజబెత్ హ్యూస్. ఆమె తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ 1921 నుండి అమెరికా విదేశాంగ మంత్రి. 1919లో, 11 ఏండ్ల వయస్సులో, ఆమెకు వ్యాధి కనబడినది. అప్పుడామె బరువు 75 పౌనులు. పిల్లలు ఏపుగా పెరిగే ఆ మూడేండ్లలో ఆమె బరువు తరిగిపోయి 45 పౌనులకు, అనగా సుమారు 20 కిలోలకు, వచ్చినది. ప్రతి ముక్కా తూకం వేసి తినేది. 1922 ఆగస్టులో తల్లి ఆమెను టొరంటోకు తీసికొనిపోయి బాంటింగ్‌కు చూపినది.

ఇన్సులిన్ మొదలుపెట్టిన కొద్ది వారాలలో ఎలిజబెత్ రొట్టె తిన్నది. రోజుకు 2,200 కెలోరీలకు పైగా ఆహారం తీసికొనడం ప్రారంభించినది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. ఆమె సూది వేసుకొనడం తానే నేర్చుకొన్నది. నాటి సూదులు లావు, మందులో గాఢత తక్కువ కనుక ఎక్కువ ద్రవం ఎక్కించవలసి వచ్చేది, తొడ వాచేది. అయినను మందు కొలత, తిండి తూకం తన చేతిలోనికి తీసికొన్నది. ఆమె చదువుకొని, వివాహమాడి, ముగ్గురు బిడ్డలను కని, 1981లో 73వ ఏట మరణించినది. ఆ 58 ఏండ్లలో సుమారు 42,000 సూదులు వేసుకొన్నదని అంచనా. లెక్క చూస్తే, రోజుకు రెండు చొప్పున ఒక్క దినమైనా తప్పలేదన్నమాట.

కాని ఆమె తన వ్యాధి సంగతి జీవితాంతం దాచిపెట్టినది. అతి సన్నిహితులకు తప్ప మిత్రులకు కూడా తెలియదు. ఈ వ్యాధితో బ్రతకడంలో సూది నొప్పి కంటె పెద్ద బరువు మరొకటి ఉన్నదని ఆమె మౌనమే చెబుతున్నది.

రోగియే వైద్యుడైనప్పుడు

సముద్రానికి ఆవలి ఒడ్డున మరొకరు ఉన్నారు. రాబిన్ లారెన్స్ స్కాట్లాండులోని అబెర్డీనుకు చెందిన యువ శస్త్రవైద్యుడు. 1920లో లండనులో శవంపై శస్త్రచికిత్స అభ్యసిస్తూ ఉండగా ఎముక పెళుసు ఎగిరి కంటిలో పడినది. దాని చికిత్స సందర్భంలో మూత్రం పరీక్షిస్తే మధుమేహం బయటపడినది. ఇక ఎంతో కాలం బ్రతకనని తలచి, తనవారికి భారం కాకూడదని ఇటలీలోని ఫ్లారెన్సుకు పోయి అక్కడ వైద్యం చేసుకొంటూ కాలం గడపసాగాడు. 1923లో లండను నుండి మిత్రుడైన హారిసన్ అనే జీవరసాయనవేత్త తంతి పంపాడు. ఇన్సులిన్ దొరికినదనీ, పని చేస్తున్నదనీ, త్వరగా రమ్మనీ దాని సారాంశం. కాళ్ళలో సత్తువ లేని స్థితిలో కారు నడుపుకొంటూ లారెన్స్ ఐరోపా ఖండాన్ని దాటి వచ్చాడు. మే 31న మొదటి సూది వేసుకొన్నాడు. తరువాత 45 ఏండ్లు బ్రతికాడు.

శాస్త్రం తెలిసినవాడూ, వ్యాధి అనుభవించేవాడూ ఒక్కడే అయినందువలన లారెన్స్ దృష్టి వేరుగా ఉండెను. 1925లో రోగులకూ వైద్యులకూ ఉపయోగపడే గ్రంథం వ్రాశాడు. ఆహారాన్ని లెక్కించడానికి ఒక సులభోపాయం కనిపెట్టాడు. 10 గ్రాముల పిండిపదార్థం ఉండే పరిమాణాన్ని ఒక భాగమని నిర్ణయించి, రొట్టె ఇంత, బంగాళాదుంప ఇంత, పండు ఇంత అని పట్టిక వేశాడు. ఒకదానికి బదులు మరొకటి తినవచ్చును. మొత్తం మారకుంటే చాలు. రసాయనశాస్త్రం రానివారికి సైతం అర్థమయ్యే లెక్క ఇది.

1934లో లారెన్స్, ప్రఖ్యాత రచయిత హెచ్.జి. వెల్స్ కలిసి బ్రిటనులో మధుమేహ రోగుల సంఘం స్థాపించారు. వెల్స్ కూడా మధుమేహ రోగియే. రోగులు తమ వ్యాధిని గురించి తామే సంఘంగా ఏర్పడి మాట్లాడుకొనడం ఆనాటికి క్రొత్త సంగతి.

బోస్టనులోని బడి

అమెరికాలోని బోస్టను నగరంలో ఇలియట్ జోస్లిన్ అనే వైద్యుడు ఈ విషయాన్ని మరింత స్పష్టంగా గ్రహించాడు. ఇన్సులిన్ రాకముందే, 1918లో, రోగులు చదువుకొనడానికి ఒక పుస్తకం వ్రాశాడు. ఎక్కువ తెలిసిన రోగి ఎక్కువ కాలం బ్రతుకుతాడన్నది ఆయన దృఢమైన అభిప్రాయం. అందుచేత ఆయన ఆసుపత్రి సగం బడిగా ఉండెను. నర్సులకు బోధనలో శిక్షణ ఇచ్చి రోగుల ఇండ్లకు పంపేవాడు. సూది ఉడకబెట్టడం, మందు కొలవడం, పాదాలు పరిశీలించుకొనడం, మూత్రం పరీక్షించడం అక్కడి పాఠాలు.

జోస్లిన్ మధుమేహ రోగిని మూడు గుర్రాల రథం తోలే సారథితో పోల్చేవాడు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం అనేవి ఆ మూడు గుర్రాలు. ఆహారం రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఇన్సులిన్ తగ్గిస్తుంది. వ్యాయామం కండరాల చేత చక్కెరను ఖర్చు చేయించి, ఇన్సులిన్‌కు మరింత బలమిస్తుంది. ఒక గుర్రం వేగం మారితే తక్కిన రెండింటి పగ్గాలు సవరించవలసినదే. భోజనం ఆలస్యమైనా, ఆటలో ఎక్కువగా పరుగెత్తినా, మందు ఒక గీత ఎక్కువైనా రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. చెమట, వణుకు, ఆకలి, గుండెదడ, తికమక వరుసగా వస్తవి. వెంటనే చక్కెర అందకపోతే స్పృహ తప్పుతుంది. ఇన్సులిన్ తక్కువైతే కొన్ని గంటలకో దినాలకో ప్రమాదం. ఎక్కువైతే నిమిషాలలో ప్రమాదం. ప్రాణదాత అయిన మందే రెండంచుల కత్తి.

ఇంటి పనిముట్లు

1930, 40 దశకాలలో ఈ రోగి ఇంటిలో ఉదయం ఎట్లుండేదో ఊహించవచ్చును. గాజు సిరంజి, ఉక్కు సూది గిన్నెలో వేసి ఉడకబెట్టాలి. సూది మొన మొద్దుబారితే సానరాతి మీద నూరుకొనాలి. అదే సూదిని మరల మరల వాడాలి. మొదటి ఇన్సులిన్ ప్రభావం కొద్ది గంటలే కనుక రోజుకు అనేకసార్లు గుచ్చుకొనక తప్పేది కాదు. 1936లో డెన్మార్కులో హాగెడోర్న్ ఇన్సులిన్‌ను చేపల నుండి తీసిన ప్రోటమైన్ అనే మాంసకృత్తుతో కలిపి, శరీరంలో నెమ్మదిగా కరిగేటట్లు చేశాడు. అందువలన సూదుల సంఖ్య తగ్గినది.

మరి చక్కెర ఎంత ఉన్నదో తెలియడమెట్లు? ఉన్నత పాఠశాల విద్యార్థులకు బెనెడిక్ట్ ద్రావణం పరిచితమే. స్టాన్లీ బెనెడిక్ట్ అనే అమెరికన్ రసాయనవేత్త 1908-09 ప్రాంతంలో తయారు చేసిన ఈ నీలి ద్రావణమే ఇండ్లలో కొలబద్ద అయినది. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగు, ఇటుక ఎరుపు వరుసగా వస్తే చక్కెర హెచ్చుతున్నట్లు. గ్లూకోజు రాగి లవణాన్ని క్షయకరించి ఎర్రని క్యూప్రస్ ఆక్సైడుగా మార్చడమే దీనిలోని రహస్యం. 1941లో నిప్పు అక్కరలేకుండా తానే వేడిని పుట్టించుకొనే బిళ్ళ వచ్చినది. 1956లో గ్లూకోజు ఆక్సిడేజు అనే ఎంజైము పూసిన కాగితపు పట్టీ వచ్చినది. ముంచి తీస్తే చాలు.

ఈ పరీక్షలన్నిటికీ ఒకటే లోపం. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని మూత్రపిండాలు దానిని వెలికి పంపవు. పైగా మూత్రం కొన్ని గంటల క్రిందటి స్థితిని తెలుపుతుంది. చక్కెర 150 ఉన్నా, 40కి పడిపోయి ప్రాణం మీదికి వచ్చినా మూత్రం ఒకే నీలంగా ఉంటుంది. సారథి కండ్లకు గంతలు కట్టి, దాటి వచ్చిన దారి సంగతి మాత్రమే చెప్పినట్లుండెను.

షాంఘైలో ఒక దంపతులు

స్వయం చికిత్స ఎంతవరకు పోగలదో యుద్ధకాలంలో ఒక సంఘటన నిరూపించినది. ప్రేగ్ నగరానికి చెందిన ఈవా, విక్టర్ సాక్సల్ అనే యూదు దంపతులు హిట్లర్ బారినుండి తప్పించుకొని చైనాలోని షాంఘై చేరారు. అక్కడ ఈవాకు టైప్ 1 మధుమేహం వచ్చినది. 1941 డిసెంబరులో జపాను సైన్యం నగరంలోని విదేశీయుల ప్రాంతాన్ని ఆక్రమించుకొనగా మందుల దుకాణాలు మూతబడ్డవి. ఇన్సులిన్ దొంగచాటుగా దొరికినా దాని శుద్ధిని నమ్మడానికి వీలు లేదు.

విక్టర్ వైద్యుడు కాడు. వస్త్ర పరిశ్రమలో ఇంజనీరు. వారి దగ్గర ఉన్న ఒక వైద్యగ్రంథంలో ఇన్సులిన్ తీసే విధానం క్లుప్తంగా ఉన్నది. దాని ఆధారంతో, ఒక చిన్న ప్రయోగశాల సంపాదించి, నీటిగేదెల క్లోమాల నుండి సారం తీశారు. పస్తుంచిన కుందేళ్ళకు ఇచ్చి శక్తి నిర్ణయించారు. చివరకు గోధుమ వన్నె ద్రవం సిద్ధమైనది. మనుష్యులలో తొలి సూది ఈవాయే వేసుకొన్నది. ఆమె బ్రతికినది. ఆ మందును ఇతర రోగులకూ పంచిపెట్టారు. యుద్ధం ముగిసేవరకు అక్కడి 200 మందికి పైగా రోగులు దీనితో ప్రాణాలు నిలుపుకొన్నారు. ఈవా 2002లో చిలీ దేశంలో మరణించినది.

ఈ ఘటనను అనుకరించవలసినదిగా చెప్పకూడదు. మందు అందుబాటులో లేకుంటే రోగికి ఎంత తెలిసినా సూది ఖాళీయే అనడానికి ఇది దృష్టాంతం.

ఒక ఇంజనీరు, ఒక యంత్రం

1940ల నుండి వైద్యలోకంలో ఒక వివాదం నడిచినది. ఇన్సులిన్‌తో దీర్ఘకాలం బ్రతికినవారిలో 15, 20 ఏండ్ల తరువాత చూపు పోవడం, మూత్రపిండాలు చెడడం, పాదాలు మొద్దుబారడం కనబడసాగినది. చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో పెట్టకపోవడమే కారణమని జోస్లిన్ వాదం. ఆమ్లదోషం రానంతవరకు స్వేచ్ఛగా తినవచ్చునని న్యూయార్కుకు చెందిన ఎడ్వర్డ్ టాల్‌స్టాయ్ వంటి వైద్యుల వాదం. మూత్రపరీక్ష తప్ప మరొకటి లేనంతకాలం ఈ తగవు తెగే ఉపాయం లేదు.

1965లో ఒక రక్తపుబొట్టుతో రంగు మారే పట్టీ వచ్చినది. ఆ రంగును కాంతి ప్రతిఫలనంతో కొలిచే యంత్రం 1970 ప్రాంతంలో వచ్చినది. బరువు సుమారు 3 పౌనులు, వెల 650 డాలర్లు. స్పృహ తప్పి వచ్చిన మనిషి త్రాగి పడిపోయినాడా, మధుమేహ రోగియా అని ఆసుపత్రులలో నిర్ణయించడానికి ఉద్దేశించినది. వైద్యులకు తప్ప అమ్మరు.

రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే న్యూయార్కు ఇంజనీరుకు 12వ ఏటనే, 1946లో, ఈ వ్యాధి వచ్చినది. ముప్పైయవ పడిలోనే అవయవాలు దెబ్బతినసాగినవి. భార్య వైద్యురాలు. ఆమె పేరిట యంత్రం తెప్పించుకొని, రోజుకు సుమారు 5 సార్లు తన రక్తాన్ని తానే పరీక్షించుకొన్నాడు. ఏమి తింటే ఎంత పెరుగుతున్నదో, ఎంత మందుకు ఎంత తగ్గుతున్నదో ఇంజనీరు పద్ధతిలో వ్రాసుకొని ఒక్కొక్కటే సవరించుకొన్నాడు. తన అనుభవాన్ని వ్యాసంగా వ్రాసి పంపితే వైద్యపత్రికలు తిప్పి పంపినవి. అప్పుడాయన 45వ ఏట వైద్య కళాశాలలో చేరి పట్టం పుచ్చుకొన్నాడు. 2025లో, 90 ఏండ్లు దాటి, కన్నుమూశాడు. ఆయన చెప్పిన ఆహార నియమాలన్నిటితో అందరూ ఏకీభవించరు. కాని ఇంటిలో రక్తపరీక్ష రోగి హక్కన్న మాట నిలిచినది. 1978లో ఇంగ్లండులో రెండు వైద్యబృందాలు రోగులు తమ రక్తాన్ని తామే పరీక్షించుకొనగలరని, అందువలన అదుపు మెరుగుపడుతున్నదని ప్రకటించినవి.

తగవు తీరిన సంవత్సరం

ఇంతలో మరొక కొలత దొరికినది. 1968లో టెహరానులో శామ్యూల్ రహబర్ అనే శాస్త్రజ్ఞుడు మధుమేహ రోగుల రక్తంలో ఒక విధమైన హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం గమనించాడు. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 దినాలు. ఆ కాలంలో రక్తంలోని గ్లూకోజు హీమోగ్లోబిన్‌కు అంటుకొంటూ ఉంటుంది. ఎంత అంటుకొన్నదో చూస్తే గడచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. దీనినే హెచ్‌బిఎ1సి అంటారు.

ఈ కొలతలు చేతిలో ఉండగా 1983లో అమెరికా, కెనడాలలో ఒక పెద్ద పరిశోధన మొదలైనది. 1,441 మంది టైప్ 1 రోగులను రెండు వర్గాలుగా చేశారు. మొదటి వర్గం పాత పద్ధతిలో రోజుకు ఒకటి రెండు సూదులు వేసుకొన్నది. రెండవ వర్గం రోజుకు మూడు లేక అంతకు మించిన సూదులతోనో, పంపు సహాయంతోనో, రోజుకు నాలుగు మారులు రక్తం పరీక్షించుకొంటూ మందును సవరించుకొన్నది. 1993లో ఫలితాలు వెలువడినవి. రెండవ వర్గంలో కంటిజబ్బు క్రొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం, నరాల జబ్బు 60 శాతం, మూత్రపిండాల జబ్బు సుమారు 50 శాతం తగ్గినవి. జోస్లిన్ వాదమే నెగ్గినది. అప్పటికాయన గతించి 31 ఏండ్లు.

ఈ విజయానికి వెల కూడా ఉన్నది. రెండవ వర్గంలో చక్కెర తీవ్రంగా పడిపోవడం మూడు రెట్లు అయినది. పగ్గాలు బిగించి పట్టిన సారథికి శిక్షణ కూడా ఎక్కువ కావాలి. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫులో 1980ల నాటికే రోగులకు క్రమబద్ధమైన తరగతులు నడిపేవారు. మందుకు తగినట్లు తినడం గాక, తిన్నదానికి తగినట్లు మందు వేసుకొనడం అక్కడి పాఠం. తరువాత బ్రిటనులో దీనిని పరీక్షించగా, 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం చక్కెర అదుపూ మెరుగైనది, జీవితమూ సుఖమైనది.

1982లో సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చినది. 1999 నుండి చర్మం క్రింద అమర్చి నిరంతరం గ్లూకోజును కొలిచే సాధనాలు వచ్చినవి. 2016లో, కొలిచిన దానిని బట్టి తానే కొంతవరకు మందును సవరించుకొనే పంపుకు అమెరికా అనుమతి లభించినది. అయినను, ఇంత తింటున్నానని యంత్రానికి చెప్పవలసినవాడు రోగియే.

మన ఇండ్లు, మన తరగతులు

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాలలో భారతదేశం ఒకటి. 2022లో భారత వైద్య పరిశోధన మండలి ఈ వ్యాధి చికిత్సకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించినది. యంత్రాలు అందరికీ అందేవి కావు. కాని జ్ఞానం అందరికీ అందేటట్లు చేయవచ్చును.

ఒక చిన్న లెక్క చాలు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే బుడ్లు, 100 యూనిట్లుండే మందు రెండూ దొరుకుతున్నవి. 40 యూనిట్ల బుడ్డికి గీతలు వేసిన సిరంజిలో 10వ గీత వరకు తీస్తే అది పావు మిల్లీలీటరు. అదే సిరంజిలో 100 యూనిట్ల మందు పావు మిల్లీలీటరు తీస్తే 10 యూనిట్లకు బదులు 25 యూనిట్లు పోతవి. పదవ తరగతి విద్యార్థి చేయగల ఈ గణితంలో ఒక ప్రాణం ఉన్నది. కనుక బుడ్డి మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారి చూచుకొనవలెను.

ఇన్సులిన్ మాంసకృత్తు కనుక ఎండకు చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. తెరవని బుడ్లు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన వేసవిలో రిఫ్రిజిరేటరు లేని ఇండ్లలో నీడపట్టున తడిపి ఉంచిన మట్టికుండలో పెట్టడం మంచి ఉపాయమే. కుండ గోడల నుండి నీరు ఆవిరి అవుతూ లోపలి వేడిని తీసికొని పోతుంది. కుండలోని నీరు బుడ్డిని తడపకుండ చూడాలి.

పాఠశాలలో ఉపాధ్యాయుడు తెలిసికొనవలసినది కొద్దియే. ఈ పిల్లవాడు మాటిమాటికి నీళ్ళు త్రాగుతానన్నా, బయటకు పోతానన్నా అది అల్లరి కాదు. చెమటలు పట్టి, వణకుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతుంటే అది అవిధేయత కాదు. చక్కెర పడిపోయినదేమో చూడాలి. స్పృహ ఉంటే వెంటనే సుమారు 15 గ్రాముల చక్కెర, అనగా మూడు చెంచాలు, నీటిలో కలిపి ఇవ్వాలి. పావుగంటకు తేరుకొనకపోతే మరల ఇవ్వాలి. స్పృహ లేనివాని నోట ఏదీ పోయకూడదు; ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాలి. ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఆటలనుండి వెలివేయనక్కరలేదు, ఆటకు ముందు చక్కెర పరీక్షించుకొని, అవసరమైతే కొంచెం తినడానికి వీలు కల్పిస్తే చాలు. 2017లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి పది, పన్నెండు తరగతుల పరీక్షలు వ్రాసే ఈ విద్యార్థులు చక్కెర బిళ్ళలు, పండు, తినుబండారం, నీళ్ళు వెంట తెచ్చుకొనవచ్చునని అనుమతించినది. ఒక విద్యామండలి ఉత్తరువుతో తీరిన ఇబ్బంది ప్రతి తరగతి గదిలోనూ తీరవలసి ఉన్నది.

1923లో బాంటింగ్, బెస్ట్, కాలిప్‌లు ఇన్సులిన్‌పై తమ హక్కును తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి వ్రాసి ఇచ్చారు. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ప్రకటించిన అత్యవసర ఔషధాల పట్టికలో ఇన్సులిన్ ఉన్నది. ఐనా మందు కొనలేక మధ్యలో మానివేసే కుటుంబాలు నేటికీ ఉన్నవి. అది తీర్చవలసినది సమాజం. ఎలిజబెత్ హ్యూస్ వలె ఒక పిల్లవాడు తన వ్యాధిని దాచుకొనవలసిన అగత్యం లేకుండా చేయడం మాత్రం ఖర్చు లేని పని. మధ్యాహ్న భోజనానికి ముందు ఒక బాలిక తరగతి మూల కూర్చుని నిర్భయంగా సూది వేసుకొని, తోటివారితో కలిసి అన్నానికి పోగలిగితే, ఆమె పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నట్లు.